ప్రార్థన చేసినా నిద్ర పట్టని బాబుకు

వందనాలు బాబూ. నీ ప్రశ్న నిన్న రాత్రి చదివాను, పొద్దున లేచి మళ్ళీ చదివాను. నువ్వు అంటున్నానని ఏమీ అనుకోకు, మా చిన్నబ్బాయిదీ నీ వయసే.

మిగతావాళ్ళకు అర్థం కావడానికి నువ్వు రాసింది నాలుగు మాటల్లో చెప్తాను. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ టెస్టింగులో పదకొండేళ్ళు పనిచేశావు. ఫిబ్రవరిలో ప్రాజెక్టు మూసేసి టీము మొత్తాన్ని పంపేశారు. ఫ్లాటు మీద లోను ఉంది. భార్యకు అయిదో నెల. చీరాల దగ్గర ఊళ్ళో ఉన్న అమ్మానాన్నలకు ఇంకా చెప్పలేదు. సంఘంలో ఒకాయన "విశ్వాసం ఉన్నవాడికి భయం ఉండదు బ్రదర్" అన్నారు. కూడికకు వచ్చిన ఒక బోధకుడు నలభై రోజుల్లో ఉద్యోగం వస్తుందని ప్రవచనం చెప్పారు. ఆ నలభై రోజులూ అయిపోయాయి. రాత్రి రెండింటికి మెలకువ వస్తే ఇక తెల్లారేదాకా నిద్ర లేదు. "దేవుని సమాధానం అంటారే, అది నాకెందుకు రావడం లేదు? నా విశ్వాసంలోనే లోపం ఉందా?" అని అడిగావు.

నేను పాస్టరును కాను. ఒంగోలులో చిన్న చిన్న ప్రైవేటు బళ్ళలో ముప్ఫై ఏళ్ళు తెలుగు చెప్పాను. మా సంఘంలో స్త్రీల కూడిక చూసుకుంటాను. ఉద్యోగాలు పోయిన ఇళ్ళు, పంట పోయిన ఇళ్ళు, మనిషి పోయిన ఇళ్ళు చాలా చూశాను. మా ఇల్లు కూడా అందులో ఒకటి. ఆ అనుభవంతోనే రాస్తున్నాను.

ముందు ఆ లోపం సంగతి. గెత్సేమనే తోటలో ప్రభువు పడిన వేదన లూకా సువార్త 22వ అధ్యాయంలో ఉంది. చెమట రక్త బిందువుల్లా నేల మీద పడిందని రాశాడు లూకా. ఈ గిన్నె నా దగ్గర నుండి తొలగించు అని ఆయనే అడిగాడు. ఆయన విశ్వాసంలో లోపం ఉందని ఏ సంఘంలోనైనా ఎవరైనా అనగలరా? భయం కలగడం పాపం కాదు బాబూ. ఆ భయాన్ని పట్టుకుని ఎవరి దగ్గరికి వెళ్ళామన్నదే విశ్వాసం. రాత్రి రెండింటికి లేచి నువ్వు వెళ్తున్నది ఆయన దగ్గరికే. కాబట్టి ఆ 'బ్రదర్' మాటను ఇక మోయకు. ఆయన చెడ్డగా అనలేదు, నిన్ను ఓదార్చడానికి మాట దొరక్క అని ఉంటారు.

ఇక సమాధానం సంగతి. తెలుగు చెప్పినదాన్ని కాబట్టి మాట దగ్గరే కాసేపు ఆగుతాను. నీ ప్రశ్నలో ఈ మాట చాలాసార్లు వచ్చింది. "ఏ ఇంటర్వ్యూ నుంచీ సమాధానం లేదు", "దేవుని నుంచీ సమాధానం లేదు", "మనసుకు సమాధానం లేదు". బయటివాళ్ళకు సమాధానం అంటే జవాబు. మన క్రైస్తవ ఇళ్ళల్లో దానికి ఇంకో అర్థం ఉంది, శాంతి. హెబ్రీలో షాలోం అన్నదాన్ని మన బైబిల్లో చాలాచోట్ల సమాధానం అనే పెట్టారు. చిన్నప్పటి నుంచి రెండు అర్థాలూ వింటూ పెరిగాం కాబట్టి, మనకు తెలియకుండానే అవి మనసులో ముడిపడిపోతాయి. జవాబు వచ్చాకే శాంతి వస్తుందని, రెండూ ఒకే కవరులో వస్తాయని ఎదురుచూస్తాం. నువ్వు అక్కడే ఆగిపోయావని నాకనిపిస్తోంది.

ఫిలిప్పీ పత్రిక 4వ అధ్యాయం 6, 7 వచనాలు నీకు కంఠతా వచ్చే ఉంటాయి. దేన్ని గురించీ చింతపడకండి, మీ విన్నపాలు కృతజ్ఞతతో దేవునికి తెలియజేయండి, అప్పుడు సమస్త జ్ఞానానికి మించిన దేవుని సమాధానం మీ హృదయాలకు కావలి ఉంటుంది అని. మన గోడల మీద ఈ వాక్యం కనపడని ఇల్లు తక్కువ. కానీ దీన్ని రాసిన మనిషి ఆ రోజు ఎక్కడున్నాడో గోడ మీద ఉండదు. ఫిలిప్పీ సంఘానికి ఈ ఉత్తరం రాసేటప్పుడు అపొస్తలుడు పౌలు సంకెళ్ళలో ఉన్నాడు. బతుకుతాడో చస్తాడో తెలియదు, మొదటి అధ్యాయంలో ఆ రెండింటి గురించీ మాట్లాడాడు. రెండో అధ్యాయం 23వ వచనం ఈ రాత్రి ఒకసారి తీసి చూడు. నాకు ఏమి జరగబోతోందో చూసిన వెంటనే తిమోతిని పంపుతాను అంటాడు. అంటే ఏం జరుగుతుందో ఆయనకూ తెలియదు! ఆ నాలుగు వచనాల తర్వాతే, తన తోటివాడు ఎపఫ్రొదితు జబ్బుపడి చావు దాకా వెళ్ళి బతికాడనీ, లేకపోతే తనకు దుఃఖం మీద దుఃఖం అయ్యేదనీ రాశాడు. కేసు తేలలేదు, దుఃఖం ఉంది, జవాబు లేదు. ఆ ఉత్తరంలోనే సమాధానం గురించి రాశాడు. రెండూ ఒకే కవరులో వచ్చేవైతే ఆ వాక్యం రాయడానికి పౌలుకు అర్హతే లేదు.

'కావలి' అన్న మాట కూడా చూడు. నాకు మా అమ్మమ్మవాళ్ళ జొన్నచేను గుర్తొస్తుంది. కంకి పాలు పోసుకునే రోజుల్లో మంచె మీద కావలి ఉండేవాళ్ళు. కావలి ఉన్నంత మాత్రాన పిట్టలు ఆకాశంలో తిరగడం మానేవి కావు. వచ్చేవి, అరిచేవి, ఒక్కోసారి వాలేవి. కంకి మాత్రం మిగిలేది. నీకు రాత్రి రెండింటికి ఈఎమ్ఐ ఆలోచన వస్తే దేవుని సమాధానం లేదని కాదు, పిట్ట వచ్చిందని. ఈ అయిదు నెలల్లో తాగుడు జోలికి పోకుండా, భార్య మీద చెయ్యెత్తకుండా, ప్రార్థన మానకుండా ఉన్నావని నువ్వే రాశావు. నిన్నెవరో కాస్తున్నారు బాబూ.

ఇప్పుడు మా ఇంటి కథ చెప్తాను.

మావారు ప్రింటింగ్ ప్రెస్సులో కంపోజిటరు. సీసపు అక్షరాలను ఒక్కొక్కటిగా ఏరి వరసలో పేర్చే పని. ఆ అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటాయి. తెలుగులో గుణింతాలు, ఒత్తులు కూడా కలుపుకుంటే ఎన్ని గళ్ళు ఉంటాయో ఊహించుకో. ఆయన చెయ్యి చూడకుండా గడిలోకి వెళ్ళేది. పెళ్ళి శుభలేఖలు, ఎన్నికల కరపత్రాలు, సంఘాల్లో కొత్త సంవత్సరానికి బైబిల్ వాక్యం వేసి పంచే వాగ్దానపు కార్డులు, అన్నీ ఆ చేతి మీదే. పంతొమ్మిదేళ్ళు చేశారు. 1993లో ఆ ప్రెస్సులో కంప్యూటరు పెట్టారు. నలుగురు కంపోజిటర్లనూ ఒకేరోజు పంపేశారు. ఆయనకు నలభై మూడేళ్ళు, ముగ్గురు పిల్లలు, నాది ఆరు వందల జీతం.

ఆ సంగతి నాకు చెప్పలేదు. నెలన్నర పాటు రోజూ పొద్దున్నే టిఫిన్ క్యారియరు తీసుకుని బయల్దేరేవారు. రైల్వే స్టేషన్లో కూర్చుని, క్యారియరు ఖాళీ చేసి, సాయంత్రం వచ్చేవారు. జీతం బదులు ఎవరి దగ్గరో అప్పు చేసి తెచ్చి ఇచ్చారు. చివరికి రేషను షాపు దగ్గర ఇంకో కంపోజిటరు భార్య చెప్తే తెలిసింది. ఆ రోజు నాకొచ్చిన కోపం ఉద్యోగం పోయినందుకు కాదు. నెలన్నర ఆ మనిషి ఒక్కడే ఆ బెంచీ మీద కూర్చున్నాడే, నేను పక్కింట్లో దాన్నా అని.

రాత్రి పిల్లలు పడుకున్నాక అడిగాను. ఆయన గోడ వైపు తిరిగి ఏడ్చారు. ప్రార్థన చేద్దామంటే ఆయనకు నోరు రాలేదు. నాకూ పెద్ద మాటలు రాలేదు. పాత ప్రూఫు కాగితం వెనక లెక్క రాశాను: బియ్యం పన్నెండు రోజులకు ఉన్నాయి, పెద్దమ్మాయి ఫీజు ఈ నెలాఖరుకు కట్టాలి, తెచ్చిన అప్పు ఇంత, పాలవాడికి ఇంత. ఆ కాగితాన్ని మంచం మీద పెట్టి, "ప్రభువా, ఇది మా లెక్క. పన్నెండు రోజులకు ఉంది, వందనాలు. పదమూడో రోజుకు మాకు తెలియదు" అన్నాను. అంతే ప్రార్థన. ఆ రాత్రి ఇద్దరం నిద్రపోయాం. నెలన్నర తర్వాత ఆయన నిద్రపోయిన మొదటి రాత్రి అది. తెల్లారాక చూస్తే లెక్కలో ఒక్క రూపాయి మారలేదు.

తర్వాత ఏమైందని అడుగుతావు. సినిమాల్లోలాగా ఏమీ కాలేదు. పద్నాలుగు నెలలు దొరికిన పనల్లా చేశారు. బైండింగు నేర్చుకున్నారు. బడి పుస్తకాలు, రిజిస్టర్లు, చిరిగిన బైబిళ్ళు ఇంట్లోనే కుట్టేవారు. ప్రెస్సులో వచ్చినంత డబ్బు మళ్ళీ ఎప్పుడూ రాలేదు. పెద్దమ్మాయిని ఒక ఏడాది మా అక్క దగ్గర ఉంచి చదివించాను, అది నాకు ఇప్పటికీ బాధే. ఆయన 2016లో ప్రభువునందు నిద్రించారు. ఆ పద్నాలుగు నెలల గురించి ఆయన ఎప్పుడు మాట్లాడినా బెంచీ మీద కూర్చున్న నెలన్నరే కష్టం అనేవారు, మిగతా ఏడాదిని కష్టం అనేవారు కాదు.

అందుకే నీకు మొదట చెప్పేది, ఈ రాత్రే నాన్నకు ఫోన్ చెయ్యి. ఆయనకు బీపీ ఉందని, టెన్షన్ పడతారని చెప్పడం లేదన్నావు. ఇంకెవరి నోటో వింటే అంతకన్నా ఎక్కువ పడతారు. పౌలు కూడా అదే ఉత్తరం చివర్లో, నా శ్రమలో మీరు పాలు పుచ్చుకున్నారు, మంచి పని చేశారు అని ఫిలిప్పీ వాళ్ళకు రాశాడు. వాళ్ళు పంపిన సహాయం తీసుకున్నాడు. అంత పెద్ద అపొస్తలుడు సిగ్గుపడలేదు.

ఇక ఆ నలభై రోజుల ప్రవచనం. దీని గురించి గట్టిగానే చెప్పాలి, ఎందుకంటే దీనివల్ల విరిగిపోయిన పిల్లల్ని చాలామందిని చూశాను. యిర్మీయా 29వ అధ్యాయం 11వ వచనం మనందరికీ వాగ్దానపు కార్డు మీద ఎప్పుడో ఒకసారి వచ్చి ఉంటుంది. మీ గురించి నేను ఉద్దేశించినవి సమాధానకరమైన ఉద్దేశాలే గాని హానికరమైనవి కావు అని. దానికి ముందున్న అధ్యాయం ఎవరూ కార్డు మీద వేయరు. క్రీ.పూ. 597లో బబులోను రాజు యెరూషలేము నుంచి జనాన్ని చెరపట్టుకుపోయాడు. అప్పుడు హనన్యా అనే ప్రవక్త దేవాలయంలో నిలబడి, రెండేళ్ళలో అందరూ తిరిగి వస్తారు అని ప్రకటించాడు. జనానికి ఎంత హాయిగా ఉండి ఉంటుందో! యిర్మీయా వచ్చి, దేవుడు నిన్ను పంపలేదు, నువ్వు ఈ ప్రజల్ని అబద్ధాన్ని నమ్మేలా చేస్తున్నావు అన్నాడు. ఆ చెరలో ఉన్నవాళ్ళకు యిర్మీయా రాసిన ఉత్తరమే 29వ అధ్యాయం. అందులో ఉన్న గడువు డెబ్భై ఏళ్ళు. ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటండి, పిల్లల్ని కనండి, మీరున్న పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి అని రాశాడు. ఆ తర్వాతే ఆ సమాధానకరమైన ఉద్దేశాల మాట వస్తుంది.

నీకు డెబ్భై ఏళ్ళని చెప్పడం లేదు బాబూ, భయపడకు. తేదీ చెప్పి ఆశ పెట్టే మాటకూ దేవుని మాటకూ తేడా ఎలా ఉంటుందో చూపిస్తున్నాను. ఆ నలభై రోజులు తప్పింది దేవుడు కాదు. ఇంకెవరైనా వచ్చి 'విత్తనం' కానుక వేస్తే తలుపు తెరుచుకుంటుందంటే, నీ దగ్గరున్న డబ్బు నీ భార్య కాన్పుకు కావాలని మర్యాదగా చెప్పు. అది అవిశ్వాసం కాదు.

మా ఊరి సంగతి ఒకటి చెప్పకుండా ఉండలేను. ఒంగోలులో ప్రార్థన కొండ గురించి మీ నాన్నకు తెలిసే ఉంటుంది. నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టు మిషను పని 1840 నుంచి సాగుతున్నా విశ్వాసులు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే. 1853లో దీన్ని మూసేద్దామా అని అమెరికాలో చర్చించారు. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే ప్రాజెక్టు క్లోజ్ చేసే మీటింగు. 1854 జనవరి 1న తెల్లవారుజామున ఆ మిషనరీ జూవెట్ దొర, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు, మొత్తం అయిదుగురు ఆ కొండెక్కి ఒంగోలుకు ఒక మనిషిని పంపమని ప్రార్థించారు. అలా వచ్చిన మిషనరీ క్లౌ దొర ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో. మధ్యలో పన్నెండేళ్ళు. ఆ తర్వాత 1876-78 కరువు వచ్చింది. జనం ఊళ్ళు వదిలి తిరుగుతుంటే, బకింగ్‌హామ్ కాలవ తవ్వకంలో మూడున్నర మైళ్ళ కాంట్రాక్టు క్లౌ తీసుకుని వాళ్ళకు కూలి పని ఇచ్చాడు. పగలు పని, సాయంత్రం వాక్యం. మట్టి తట్టలు మోసి మోసి కూర్చున్న మనుషులకు "ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్త జనులారా" అన్న ప్రభువు పిలుపు ఎలా వినిపించి ఉంటుందో! కరువు తగ్గాక, 1878 జూలై 3న ఒక్కరోజే గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మన ఇళ్ళల్లో చాలావాటి మొదలు అక్కడే. ఆ కరువులో వాళ్ళకు ముందు దొరికింది కూలి, గంజి, పక్కన కూర్చునే మనిషి. నేను ఈ కథ చెప్పేది ఆ సంఖ్య కోసం కాదు, ఆ మూడింటి కోసం.

అందుకే నిద్ర, తిండి గురించి కూడా చెప్తాను, ఆత్మీయ సంగతి కాదనుకోకు. ఏలీయా ప్రవక్త బదరీవృక్షం కింద పడుకుని, ఇక చాలు, నా ప్రాణం తీసుకో అన్నప్పుడు దేవదూత వచ్చి ప్రసంగం చెప్పలేదు. లేచి తిను అన్నాడు. తిని మళ్ళీ పడుకున్నాడు. రెండోసారి లేపి, ప్రయాణం నీ శక్తికి మించింది, తిను అన్నాడు. మెల్లని స్వరం వినపడింది ఆ తర్వాత ఎప్పుడో, హోరేబు కొండ దగ్గర. నువ్వు వారానికి మూడు రోజులు ఉపవాసం ఉంటున్నానన్నావు. నిద్ర లేని మనిషికి ఇప్పుడు ఉపవాసం వద్దు. ఇద్దరూ కలిసి రాత్రి ఏడున్నరకల్లా వేడి అన్నం తినండి. మెలకువ వచ్చినప్పుడు ఫోన్ తీసి జాబ్ సైట్లు చూడకు. అలా నెలల తరబడి నిద్ర లేకపోతే డాక్టరుకు చూపించుకో. మనసు మరీ బరువెక్కితే 14416కు ఫోన్ చెయ్యి, అది ప్రభుత్వం పెట్టిన టెలి మానస్, ఉచితం, ఏ వేళకైనా తెలుగులో మాట్లాడతారు. కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళినందుకు విశ్వాసం తగ్గదు కదా, ఇదీ అంతే.

లోను విషయం నాకు పూర్తిగా తెలియదు కానీ మా అబ్బాయి బ్యాంకులో చేస్తాడు, అడిగాను. వాయిదా తప్పకముందే బ్రాంచికి వెళ్ళి పరిస్థితి రాతపూర్వకంగా ఇవ్వమన్నాడు. తప్పాక వెళ్తే దారులు తగ్గిపోతాయట. ఆఫీసు ఇచ్చిన ఇన్సూరెన్సు ఉద్యోగంతోపాటే పోయి ఉంటుంది, కాన్పుకు దాన్ని నమ్ముకుని ఉంటే వెంటనే కనుక్కోమన్నాడు. క్రెడిట్ కార్డుతో ఈఎమ్ఐలు మాత్రం సర్దకు.

ప్రార్థన ఎలా చేయాలని కూడా అడిగావు. "దేవా, నాకు ఉద్యోగం" అని గంటసేపు అదే అంటుంటే భయం ఇంకా పెరుగుతోందన్నావు. అది నిజమే, ఎందుకంటే ఆ గంటసేపూ నువ్వు చూస్తున్నది ఉద్యోగం వైపే. నేను చేసేది చెప్తాను, నీకు పనికొస్తే తీసుకో. ఒక నోటుబుక్కు పెట్టుకో. పడుకునే ముందు, భయపెడుతున్నది పేరు పెట్టి రాయి. 'భవిష్యత్తు' అని రాయకు, 'అయిదో తారీఖు కట్టాల్సిన ఇరవై ఎనిమిది వేలు' అని రాయి. పేరు లేని భయం గదంతా నిండుతుంది, పేరు పెడితే ఒక గీతలో సరిపోతుంది. దాని కిందే ఆ రోజుకు ఉన్నది రాయి: బిడ్డ కదలిక తెలిసింది, స్నేహితుడు రెజ్యూమె పంపాడు, పప్పుచారు బాగుంది, ఏదైనా. నిర్గమకాండంలో మన్నా ఏ రోజుది ఆ రోజే. రేపటికని దాచుకున్నవాళ్ళ గిన్నెలో పురుగులు పట్టాయి. సమాధానం కూడా అలాంటిదే అని నా అనుభవం. ఆ రాత్రి మేం నిద్రపోయామని చెప్పాను కదా, మర్నాడు సాయంత్రానికల్లా మళ్ళీ భయం వేసింది. మళ్ళీ కాగితం తీశాను. నిన్నటి సమాధానం ఈ రోజుకు మిగలలేదని దిగులు పడకు, ఎవరికీ మిగలదు.

కొన్ని రాత్రులు ఏమీ రాయబుద్ధి కాదు. అప్పుడు 13వ కీర్తన తీసి పైకి చదువు. "ఎన్నాళ్లవరకు" అని నాలుగుసార్లు అడుగుతాడు దావీదు. ఆ మాట బైబిల్లోనే ఉంది కాబట్టి దేవుడిని అడగడానికి నీకు సెలవు ఉన్నట్టే. నువ్వు చదవలేకపోతే నీ భార్యను చదవమను, పక్కన కూర్చుని విను. ఆ అమ్మాయికీ భయం ఉంటుంది, నీ ముందు చెప్పలేక మింగుతూ ఉంటుంది. ప్రార్థన నువ్వొక్కడివీ హాల్లో, తనొక్కతీ గదిలో చేయకండి.

బుధవారం మధ్యాహ్నం మూడింటికి మా కూడిక. పన్నెండు మందిమి వస్తాం, అందరం పెద్దవాళ్ళమే. పేర్లు లేకుండా 'హైదరాబాదులో ఒక బాబు, భార్యకు అయిదో నెల' అని చెప్పి ప్రార్థన చేస్తాం. నాన్నతో మాట్లాడాక ఆయన ఏమన్నారో ఇక్కడే ఒక ముక్క రాయి. చూస్తుంటాను.